కాగితపు తెరల సాక్ష్యం: రైఫిల్ గురి లోపాల అన్వేషణ చరిత్ర

కొత్తగా తయారైన వేట రైఫిల్ గురి తప్పితే ఆ నేరాన్ని ముందుగా మనిషి మీదే మోపడం తుపాకుల చరిత్రలో చాలాకాలం సాగిన అలవాటు. కాల్చినవాడి చెయ్యి వణికిందనో, చూపు చెదిరిందనో, గాలి పక్కకు నెట్టిందనో చెప్పడం తేలిక. గొట్టంలో, గుండులో, మందులో, గొట్టాన్ని మోసే కర్రలో లోపం ఎక్కడుందో విడదీసి చూపడం మాత్రం కష్టం. ఆ విడదీసే పద్ధతి రూపుదిద్దుకోవడానికి నూట అరవై ఏళ్లకు పైగా పట్టింది. ఒక గణితజ్ఞుడు, ఒక యంత్రనిర్మాత, ఒక వైద్యుడు అందులో ముఖ్యమైన పాత్ర వహించారు. ఒకరికొకరు ముఖపరిచయం లేని ఆ ముగ్గురికీ అత్యంత నమ్మకమైన పరికరం పలుచని కాగితమే కావడం గమనించదగిన విషయం.

రైఫిల్ అంటే గొట్టం లోపలి గోడ మీద మెలి తిరిగిన గాడులు ఉన్న తుపాకీ. గాడులను ఒరుసుకుంటూ వచ్చే గుండు తన అక్షం చుట్టూ వేగంగా తిరగడం వల్ల, తిరుగుతున్న బొంగరం పడిపోకుండా నిలబడినట్టు, దారిలో తలకిందులు కాకుండా ముక్కు ముందుకు పెట్టుకొని సాగుతుంది. గురి అనే మాటను తుపాకీ పనివారు రెండుగా విడదీసి చూస్తారు. వరుసగా కాల్చిన గుండ్లన్నీ ఒకేచోట గుమిగూడి, ఆ గుంపు లక్ష్యానికి పక్కగా పడితే అది చూపు అమరికను సరిదిద్దితే పోయే లోపం. గుండ్లు ఒకదానికొకటి దూరంగా చెల్లాచెదురైతే తుపాకీలోనో తూటాలోనో, అంటే మందూ గుండూ కలిపి బిగించిన పొట్లంలోనో, అసలైన జబ్బు ఉన్నట్టు. ఈ వ్యాసానికి విషయం ఆ రెండో రకం లోపమే.

జర్మన్ నగరాల తుపాకీ పనివారు పదహారో శతాబ్దం నాటికే గాడుల గొట్టాలు చేస్తున్నా, అవి ఎందుకు బాగా కొడతాయో ప్రయోగం ద్వారా చూపిన తొలి శాస్త్రజ్ఞుడు ఇంగ్లండుకు చెందిన గణితజ్ఞుడు బెంజమిన్ రాబిన్స్. ఆయన 1742లో ప్రచురించిన 'న్యూ ప్రిన్సిపుల్స్ ఆఫ్ గన్నరీ'ని 1745లో లియొన్‌హార్డ్ ఆయిలర్ విస్తృతమైన వ్యాఖ్యలతో జర్మన్‌లోకి తెచ్చాడు. గాడులు లేని నునుపు గొట్టంలోంచి వచ్చే గుండ్రని గుండు గోడలకు తగులుతూ దొర్లడం వల్ల ఎటు పడితే అటు తిరుగుడు సంతరించుకుంటుందనీ, ఆ తిరుగుడు మీద గాలి పనిచేసి దాన్ని దారి తప్పిస్తుందనీ రాబిన్స్ భావించాడు. దీన్ని రుజువు చేయడానికి ఆయన గొట్టం చివరను కొద్దిగా ఎడమకు వంచి, దూరదూరంగా నిలబెట్టిన పలుచని కాగితపు తెరల గుండా కాల్చాడు. ఎడమకు వంగిన గొట్టంలోంచి వచ్చిన గుండు మొదట ఎడమకే పోయినా, తరువాత క్రమంగా కుడికి వంపు తిరిగినట్టు తెరల మీది రంధ్రాలు చూపించాయి. వంపులో కుడి గోడను ఒరుసుకొని వచ్చినందువల్ల దానికి అబ్బిన తిరుగుడే అందుకు కారణమని ఆయన నిర్ధారించాడు. చివరి లక్ష్యం ఒక్కటే చూసి ఉంటే ఈ వంపు ఎవరికీ తెలిసేది కాదు. గుండు ఎక్కడ పడిందన్న ప్రశ్నను పక్కనపెట్టి, ఏ దారిన వచ్చిందని అడగడమే రాబిన్స్ చేసిన అసలైన మేలు.

1747లో రాయల్ సొసైటీకి సమర్పించిన పత్రంలో, గాడుల గొట్టం స్వభావాన్ని పూర్తిగా గ్రహించి తన సైన్యానికి అందించిన రాజ్యానికి గొప్ప ఆధిక్యం దక్కుతుందని ఆయన ముందే చెప్పాడు. ఆ మాట నిజమయ్యే రోజులను ఆయన చూడలేదు. ఈస్టిండియా కంపెనీ ప్రధాన ఇంజనీరుగా 1750లో చోళమండల తీరానికి వచ్చి, మద్రాసులోని సెయింట్ జార్జి కోటనూ కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోటనూ బలపరిచే పనిలో ఉండగా, 1751 జూలైలో సెయింట్ డేవిడ్ కోటలోనే జ్వరంతో మరణించాడు. తుపాకీ గురికి శాస్త్రపు పునాది వేసినవాడి జీవితం దక్షిణ భారత తీరంలో ముగిసిందన్న సంగతి మన చరిత్ర గ్రంథాల్లో మరికొంత చోటుకు అర్హమైనది.

నూరేళ్ల తరువాత అదే ప్రశ్న మాంచెస్టర్‌లోని యంత్రనిర్మాత జోసెఫ్ విట్‌వర్త్ ముందుకు వచ్చింది. అప్పటికి బ్రిటిష్ సైన్యం 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌ను స్వీకరించింది. దాని గొట్టం లోపలి వ్యాసం 0.577 అంగుళాలు, గాడులు మూడు, ఆ గాడులు 78 అంగుళాల పొడవుకు ఒక చుట్టు తిరుగుతాయి, గొట్టం పొడవు 39 అంగుళాలే కాబట్టి గుండు బయటపడేలోగా సరిగ్గా అరచుట్టే తిరుగుతుంది. దీన్ని పెద్దఎత్తున తయారుచేసే యంత్రాల కోసం 1854లో ప్రభుత్వం విట్‌వర్త్‌ను సంప్రదించినప్పుడు, మంచి గొట్టం ఎలా ఉండాలో ముందు తేల్చకుండా దాన్ని చేసే యంత్రాన్ని రూపొందించడం అర్థంలేని పని అని ఆయన వాదించి, ప్రయోగాలకు అనుమతి పొందాడు. అంగుళంలో పదిలక్షో వంతు తేడాను కొలిచి చూపిన చేతులకు ఇలాంటి జవాబు సహజమైనదే.

తన ఇంటి ఆవరణలో ఆయన 500 గజాల పొడవున కప్పు గల ఒక వసారా కట్టించాడు. అందులో గాలి వీచదు, ఎండ మారదు. తుపాకీ స్థిరమైన ఆధారం మీద ఉంటుంది కాబట్టి కాల్చేవాడి చెయ్యి లెక్కలోకి రాదు. దారి పొడవునా నిలిపిన పలుచని కాగితపు తెరలు గుండు ఎక్కడ ఎంత ఎత్తున, ఎంత పక్కగా పోయిందో నమోదు చేస్తాయి. తొలిసారి కట్టిన వసారా తుపానుకు కూలిపోగా దాన్ని మళ్లీ కట్టించి 1855లో ప్రయోగాలు కొనసాగించాడు. గొట్టం వ్యాసం, మెలి, గుండు పొడవు, బరువు వీటిలో ఒక్కసారి ఒక్కదాన్నే మార్చుతూ, మిగిలినవాటిని కదలనీయకుండా ఉంచి ఆయన చేరిన ఫలితం 0.451 అంగుళాల వ్యాసంతో, ఆరు పలకలుగా ఉండి, 20 అంగుళాలకు ఒక చుట్టు తిరిగే గొట్టం. 1857లో హైథ్ సైనిక పాఠశాలలో రెండు రైఫిళ్లనూ పోల్చి చూసినప్పుడు, గుండ్లు తమ గుంపు నడిమి బిందువు నుంచి సగటున ఎంత దూరంలో పడ్డాయన్న కొలత 500 గజాల దగ్గర ఎన్‌ఫీల్డ్‌కు 2.24 అడుగులు, విట్‌వర్త్‌కు 0.37 అడుగు. ఎన్‌ఫీల్డ్‌తో కాల్చినవారు అసమర్థులు కారు. ఆ గొట్టం అంతకన్నా ఎక్కువ చేయలేదు. మందు మసి త్వరగా పేరుకోవడం, ఖర్చు పెరగడం అనే కారణాలతో సైన్యం విట్‌వర్త్ గొట్టాన్ని సాధారణ సిపాయికి ఇవ్వలేదు గాని, 1860లో వింబుల్డన్‌లో రైఫిల్ పోటీలను ప్రారంభిస్తూ విక్టోరియా రాణి కాల్చిన గుండు స్థిరపీఠం మీది విట్‌వర్త్ రైఫిల్‌లోంచే వెళ్లి 400 గజాల దూరాన లక్ష్యం నడిమి బిందువుకు అంగుళంన్నర లోపే తగిలింది.

విట్‌వర్త్ ప్రయోగంతో తెలుసుకున్నదాన్ని 1879లో వూలిచ్‌లోని ఆచార్యుడు ఆల్ఫ్రెడ్ జార్జి గ్రీన్‌హిల్ సూత్రంగా కుదించాడు. గుండు పొడవు దాని వ్యాసానికి ఎన్ని రెట్లో లెక్కకట్టి, 150ని ఆ సంఖ్యతో భాగిస్తే, ఒక చుట్టుకు ఎన్ని వ్యాసాల పొడవు ఉండాలో తెలుస్తుంది. వ్యాసానికి మూడు రెట్లున్న గుండుకు 50 వ్యాసాలు, అంటే 0.451 అంగుళాల గొట్టంలో 22.5 అంగుళాలు, విట్‌వర్త్ ఎంచుకున్న 20 అంగుళాలు దీనికి ఎంత దగ్గరో స్పష్టమే. ఈ సూత్రాన్ని విస్మరిస్తే వచ్చే చిక్కు అమెరికా వేట రైఫిళ్ల చరిత్రలో చాలా ఆలస్యంగా కూడా కనిపించింది. 1955లో వించెస్టర్ సంస్థ .243 తూటానూ, రెమింగ్టన్ సంస్థ .244 తూటానూ ఒకే వ్యాసపు గుండుతో విడుదల చేశాయి. మొదటిదాని గొట్టం 10 అంగుళాలకు ఒక చుట్టు తిరిగితే, తేలికైన గుండ్లను మనసులో పెట్టుకొని చేసిన రెండోదాని గొట్టం 12 అంగుళాలకు తిరిగేది. జింకల వేటకు బరువైన, అందువల్ల పొడవైన, 100 గ్రెయిన్ల గుండు కోరిన వేటగాళ్లలో ఆ గొట్టం చాలదన్న పేరు వ్యాపించగా, 1963లో రెమింగ్టన్ 9 అంగుళాల మెలితో, 6 ఎంఎం రెమింగ్టన్ అనే కొత్త పేరుతో దాన్ని మళ్లీ ప్రవేశపెట్టింది. మెలి చాలని గుండు కాగితాన్ని గుండ్రంగా కాక కోలగా చించుతుంది. కాబట్టి ఈ జబ్బుకు మొదటి సాక్షి లక్ష్యపు కాగితమే.

మసాచుసెట్స్‌లోని మిల్‌ఫర్డ్ పట్టణపు వైద్యుడు ఫ్రాంక్లిన్ మాన్ 1909లో వెలువరించిన 'ద బుల్లెట్స్ ఫ్లైట్' ఈ పరంపరలో మూడో మైలురాయి. కదలని కాంక్రీటు పీఠం మీద బిగించిన గొట్టాలతో, వరుసగా నిలిపిన కాగితపు తెరల గుండా కాలుస్తూ, ఆయన గుండ్లను కావాలనే పాడుచేసి చూశాడు. ముక్కు చితికిన గుండు పెద్దగా దారి తప్పదనీ, అడుగుభాగం ఒక పక్క దెబ్బతిన్న గుండు మాత్రం బాగా పక్కకు పోతుందనీ తేలింది. గుండు గొట్టాన్ని వదిలే క్షణంలో వెనక నుంచి తన్నే వాయువు అడుగుభాగం చుట్టూ సమంగా వెలువడకపోతే గుండు ఒరిగిపోతుంది. గొట్టం మూతి అంచు మీద కంటికి ఆనని నొక్కు ఉన్నా ఇదే జరుగుతుంది కాబట్టి, కొత్త రైఫిల్ గుండ్లను చెదరగొడితే మూతి అంచును భూతద్దంతో పరిశీలించడం తుపాకీ మరమ్మతుదారులకు నియమమైంది.

గుండు, గొట్టం నిర్దోషులని తేలినా మిగిలే ముద్దాయి కర్ర. పేల్చగానే గొట్టం తీగలా కంపిస్తుందని 1901లో ఎ. మాలక్ రాయల్ సొసైటీకి సమర్పించిన పత్రమూ, జర్మనీలో క్రాంజ్, కోఖ్‌లు తీసిన ఛాయాచిత్రాలూ నిరూపించాయి. ఆ కంపనం ప్రతిసారీ ఒకేలా ఉంటే ఇబ్బంది లేదు. అక్రోటు కర్ర తేమకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోయి గొట్టాన్ని ఒక రోజు ఒక చోట, మరో రోజు మరో చోట నొక్కితే కంపనం మారి, గుండ్ల గుంపు చోటు మార్చుకుంటుంది. గొట్టాన్ని కర్రకు పట్టి ఉంచే మరలు వదులైనా ఫలితం అదే. గొట్టం కర్రకు ఎక్కడా తగలకుండా సందు వదలడం, వెనకభాగాన్ని గట్టిపడే రెసిన్‌లో కూర్చోబెట్టడం ఇరవయ్యో శతాబ్దంలో దీనికి విరుగుడుగా స్థిరపడ్డాయి. ఆ సందు సరిగా ఉందా లేదా అని చూడటానికి గొట్టం కింద ఒక కాగితపు పట్టీని దూర్చి లాగుతారు.

భారతదేశపు ఎండ ఈ విద్యకు మరో పాఠం చేర్చింది. సంస్థానాధీశులూ బ్రిటిష్ అధికారులూ పులుల వేటకు వాడిన జంట గొట్టాల రైఫిళ్లలో, రెండు గొట్టాలూ ఒకే చోట కొట్టాలంటే వాటిని మూతుల దగ్గర ఒక చీలతో ఎడంచేసి, కాల్చి చూసి, టంకం కరిగించి, చీలను జరిపి మళ్లీ కాల్చాలి; లండన్, బర్మింగ్‌హామ్ పనివారు ఈ అమరికను ఒకే తూటాకు, ఒకే మందు తూకానికి చేసేవారు. 1898లో జాన్ రిగ్బీ సంస్థ నైట్రోగ్లిజరిన్, గన్‌కాటన్ కలిసిన కార్డైట్ అనే పొగ తక్కువ మందును .450 వ్యాసపు జంట రైఫిల్‌లో ప్రవేశపెట్టాక కొత్త చిక్కు తలెత్తింది. కార్డైట్ వేడెక్కినకొద్దీ గొట్టంలో ఒత్తిడీ, గుండు వేగమూ పెరుగుతాయి, దాంతో ఇంగ్లండు చలిలో కుదిరిన రెండు గొట్టాల పొందిక చెడుతుంది. నిజాం రాజ్యంలోని వరంగల్ ప్రాంతంలో, నెక్కొండ దగ్గర 1902 ఏప్రిల్‌లో వైస్రాయి లార్డ్ కర్జన్ పులివేట ఛాయాచిత్రాలను రాజా దీన్‌దయాళ్ స్టూడియో తీసిన కాలం ఇదే. ఏప్రిల్ నాటి తెలంగాణ ఎండలో లోహపు గొట్టం ఎంత కాగుతుందో చెప్పనక్కర్లేదు. అందుకే కైనాక్ సంస్థ ఉష్ణదేశాల కోసం కార్డైట్ కొంత తగ్గించిన తూటాలను వేరుగా తయారుచేసింది. ఒకే రైఫిల్‌లో ఈ రెండు రకాలనూ కలగలిపి వాడితే గురి చెదరక తప్పదు. ఆనాటి జంట రైఫిళ్ల గొట్టాల మీద మందు తూకాన్నీ, గుండు బరువునూ గ్రెయిన్లలో చెక్కే ఆచారం ఉండేది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట ఆగిపోయాక సేకరణల్లో మిగిలిన ఆ రైఫిళ్లను పరీక్షించే నిపుణుడు, గొట్టాలు ఎడంగా కొడుతున్నాయన్న ఫిర్యాదు వింటే టంకాన్ని ముట్టుకోకముందే ఆ అంకెలను చదివి, వాడిన తూటా వాటికి సరిపోయిందో లేదో చూస్తాడు.