రాగి తీగ మీద పగారు

ధామన్కర్ నాకాలోని మా బ్యాంకు శాఖ మెట్ల కింద ఒక చిన్న ఇనుప పెట్టె ఉండేది. టెలిఫోను ఎక్స్ఛేంజి నుంచి వచ్చే రాగి తీగలు అందులోనే ముగిసేవి. భివండీ తెలుగువారి చరిత్ర అంటే సాంచాల గురించీ, పద్మశాలీల వలస గురించీ రాసుకుంటాం. ఆ తీగలకూ అందులో కొంచెం చోటివ్వాలని నా కోరిక.

1990ల మొదట్లో నేను ఉద్యోగంలో చేరినప్పుడు సాంచా కార్మికుడు ఊరికి డబ్బు పంపాలంటే మనియార్డరు, లేదంటే మా డ్రాఫ్టు. అది పోస్టులో సిరిసిల్ల చేరి నగదయ్యేసరికి రోజులు గడిచేవి. "సారూ, పైసలు ముట్టినయా?" అని అడిగితే నా దగ్గర జవాబుండేది కాదు.

1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ప్రజలకు ఇంటర్నెట్ తెరిచింది. అప్పట్లో ఇంటర్నెట్ నడుస్తుంటే ఫోను మూగబోయేది. తర్వాత వచ్చిన ఏడీఎస్ఎల్ కిటుకు వేరు. మాటకు 4 కిలోహెర్ట్జ్ లోపు చాలు. తీగ అంతకు ఎన్నో రెట్లు మోయగలదు. కింద మాటను వదిలి, పైభాగంలో కంప్యూటరు సంకేతాలు పంపారు. రోడ్డు తవ్వే పని లేదు. ఎక్స్ఛేంజికి దూరమయ్యేకొద్దీ మాత్రం వేగం తగ్గుతుంది. 2004 నాటి ప్రభుత్వ విధానం 256 కిలోబిట్లను బ్రాడ్‌బ్యాండ్ కనీస వేగంగా నిర్ణయించింది. 2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ ఈ సేవ మొదలుపెట్టింది.

అయితే ఆ పేరులోని 'ఏ' అంటే అసమానం. దిగే దారి వెడల్పు, ఎక్కే దారి ఇరుకు. ఇంట్లో కూర్చుని చూసేవాడికి సరే, బట్ట డిజైన్లు పంపే సేఠ్‌కు ఇబ్బందే. బ్యాంకుకు రెండు వైపులా ఒకే వేగం కావాలి. అందుకే మాది విడిగా 64 కిలోబిట్ల కిరాయి లైను. తీగ మాత్రం ఆ రాగిదే. ఇప్పటి పిల్లలు నవ్వుతారు గానీ, ఖాతాల అంకెలకు అది చాలేది.

2005 నవంబరులో రిజర్వు బ్యాంకు నెఫ్ట్ ప్రారంభించింది. మా శాఖ కోర్ బ్యాంకింగ్‌లోకి వచ్చిన కొత్తలో ఒకతను తండ్రి ఖాతాలో 1,500 రూపాయలు వేశాడు. నమ్మకం కుదరక ఎస్టీడీ బూతుకు వెళ్ళి, నవ్వుతూ తిరిగొచ్చాడు. "బాపు తీసుకున్నడు సారూ!"

ఆ మరుసటి వానాకాలం, పగారు రోజున, తీగ అతుకులో నీరు చేరి లైను పోయింది. క్యూలో అతనే ముందున్నాడు. "రేపు రా తమ్మీ" అన్నాను అలవాటుగా. తండ్రి ఆస్పత్రిలో ఉన్నాడని అతను చెప్పలేదు, నేను అడగలేదు. ఫోను లైను బాగానే ఉంది. అక్కడి మేనేజరుతో మాట్లాడి ఏదో ఒకటి చేసి ఉండవచ్చు. నాకు తోచలేదు.

మరునాడు మధ్యాహ్నానికి లైను వచ్చింది. అప్పటికి అతను రైలెక్కాడు.