సమాచార హక్కు: మస్టరు రోలు నుంచి చట్టం వరకు

సమాచార హక్కు చట్టం 2005 అక్టోబరు 12 నుంచి పూర్తిస్థాయిలో అమలులోకి వచ్చినది. దీని మూలాలు సచివాలయాలలో కాక, రాజస్థాన్ గ్రామాలలోని కరువు పనుల వద్ద ఉన్నవి. కనీస వేతనం అందని కూలీలు మస్టరు రోళ్లు చూపవలసిందిగా కోరగా, అవి ప్రభుత్వ రహస్య పత్రాలన్న సమాధానం వచ్చింది. 1990లో ఏర్పడిన మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1994 నుంచి ప్రజా విచారణలు నిర్వహించి, లభించిన పత్రాలను గ్రామస్థుల ఎదుట చదివించింది. పనికి రానివారి పేర్లు, పూర్తికాని కట్టడాల బిల్లులు ఆ విధంగా బయటపడినవి. 1996లో బ్యావర్ పట్టణంలో 40 రోజులపాటు ధర్నా సాగింది.

2002 నాటి సమాచార స్వేచ్ఛా చట్టం పార్లమెంటు ఆమోదం పొందినా అమలుకు నోచుకోలేదు.

2005 చట్టం ప్రకారం దరఖాస్తుదారు కారణం తెలుపనవసరం లేదు. పాత్రికేయునికైనా, కూలీకైనా నియమం ఒక్కటే. సమాచారం 30 రోజులలో, ప్రాణానికి లేదా స్వేచ్ఛకు సంబంధించినదైతే 48 గంటలలో ఇవ్వాలి. సహేతుక కారణం లేని జాప్యానికి పౌర సమాచార అధికారిపై రోజుకు రూ.250 చొప్పున, రూ.25,000 మించకుండా జరిమానా విధించవచ్చు.

అయితే దరఖాస్తుల కంటే ముఖ్యమైనది, తరచు విస్మరణకు గురయ్యేది 4వ సెక్షను. ఎవరూ అడగకముందే కార్యాలయాలు తమ విధులు, బడ్జెట్టు, లబ్ధిదారుల వివరాలు ప్రకటించాలని అది నిర్దేశిస్తున్నది. ఆంధ్రప్రదేశ్‌లో 2006లో ఆరంభమైన ఉపాధి హామీ పనుల సామాజిక తనిఖీలలో మస్టరు రోళ్లను కూలీల సమక్షంలోనే చదివి సరిచూశారు.