అప్పుల సర్కారు - దివాన్ గారి జమాఖర్చు



నెలాఖరు వచ్చిందంటే ఇల్లాలికి ముందు గుర్తొచ్చేవి బాకీలే. పాలవాడికెంత, కిరాణా కొట్టుకెంత, ఇంటి అద్దెకెంత? జీతం ఎవరు తెచ్చినా లెక్క తేల్చవలసింది మాత్రం మనమే. రాజ్యాలూ ఒక విధంగా పెద్ద కాపురాలేనండీ. అలాంటి పెద్ద కాపురం ఒకటి మన హైదరాబాదులోనే పీకలదాకా అప్పుల్లో మునిగింది. దాన్ని ఒడ్డున పడెయ్యటానికి పూనుకున్నది ఇరవైనాలుగేళ్ళ యువకుడు. ఈ వారం ఆ ముచ్చట చెప్పుకుందాం.

ఆయన పేరు మీర్ తురాబ్ అలీఖాన్. మొదటి సాలార్‌జంగ్ అంటే ఆయనే. మ్యూజియం చూడబోయినప్పుడు ఈ పేరు వింటాం. కాని అక్కడి వస్తువుల్లో ఎక్కువ భాగం పోగుచేసింది ఆయన మనవడు, మూడో సాలార్‌జంగ్. తాతగారు కూడబెట్టినవి బొమ్మలూ గడియారాలూ మాత్రమే కావు. సర్కారుకు ఒక లెక్కా, ఒక పద్దూ ఏర్పాటు చేశారు.

అసలు అంత అప్పు ఎలా అయిందంటారా? కాచిగూడ నుంచి ఆబిడ్స్‌కు వెళ్ళే దారిలో కోఠీ వస్తుంది కదా, అక్కడి విమెన్స్ కాలేజీ భవనమే ఆనాటి బ్రిటిష్ రెసిడెన్సీ. దాని అండ చూసుకుని పామర్ కంపెనీ అని ఒక వడ్డీవ్యాపారం నడిచింది. నిజాం సర్కారుకు నూటికి 24, 25 రూపాయల వడ్డీకి అప్పులిచ్చింది. 1820లో అరవై లక్షల అప్పని రాయించుకున్న దాంట్లో ఎనిమిది లక్షలు కంపెనీ భాగస్వాములు బహుమానం కింద మిగుల్చుకున్నదే! రెసిడెంటుగా వచ్చిన మెట్‌కాఫ్ దొర ఈ గుట్టు బయటపెట్టాడు. ఆ బాకీ తీర్చటానికి నిజాం, కోస్తాలోని ఉత్తర సర్కారుల మీద ఏటా రావలసిన ఏడు లక్షల పేష్కషును శాశ్వతంగా వదులుకుని, ఈస్టిండియా కంపెనీ దగ్గర కోటీ పదహారు లక్షలు తీసుకోవలసి వచ్చింది. ఒక పొలం అమ్మి ఇంకో అప్పు తీర్చినట్టన్నమాట.

అప్పు అక్కడితో ఆగలేదు. కాంటింజెంటు అనే సైన్యం ఒకటుండేది. దాని అధికారులు ఇంగ్లీషువాళ్ళు, జీతాలు మాత్రం నిజాం ఇవ్వాలి. ఆ జీతాల బాకీ పెరిగి 40 లక్షలు దాటింది. చివరికి 1853 మే నెలలో బీరారు, రాయచూరు దోఆబు, ధారాశివ్ ప్రాంతాలను కంపెనీ చేతికి అప్పగించారు. ఆ ఒడంబడిక జరిగిన కొద్దిరోజులకే దివాన్ సిరాజుల్ ముల్క్ కన్నుమూశారు. ఆయన సోదరుడి కొడుకు సాలార్‌జంగ్‌కు దివాన్‌గిరీ దక్కింది. పదవి దక్కిందనేకంటే అప్పుల మూట నెత్తికెత్తారనటం సబబు.

ఇంతకీ ఈ అప్పు తీర్చేది ఎవరు? పుస్తకాల్లో నిజాం సర్కారు అని వుంటుంది. నిజానికి తీర్చింది పల్లెటూరి రైతు. ఎలాగంటే, సర్కారుకు రొక్కం కావాలి. సాహుకారో, అరబ్బు జమేదారో అప్పిస్తాడు. బదులుగా ఒక తాలూకా శిస్తు వసూలు అతనికి గుత్తకు రాసిస్తారు. వచ్చే ఏడు ఆ తాలూకా తన చేతిలో వుంటుందో వుండదో అతనికే తెలియదు. అందుకని ఈ ఏడే పిండుకుంటాడు. ఆవును నెల రోజులకు ఎవరికో అద్దెకిస్తే దూడకు చుక్క మిగులుస్తారా? మహారాజా చందూలాల్ కాలంనుంచీ ఈ పద్ధతి బాగా ముదిరింది. కొందరు జమేదార్లయితే బాకీదార్లను తమ ఇళ్ళలోనే ఖైదు చేసేవారు. కోర్టూ లేదు, విచారణా లేదు.

సాలార్‌జంగ్ మొదట పట్టుకున్నది ఈ ముడినే. ఎవరికెంత బాకీయో లెక్క తేల్చి, వాయిదాల మీద తీర్చే ఏర్పాటు చేసి, తాకట్టులో వున్న తాలూకాలను ఒక్కొక్కటే వెనక్కి తెచ్చుకున్నారు. అప్పిచ్చినవాడికి డబ్బు రావాలి, సరే. కాని రైతు మీద పెత్తనం మాత్రం వుండకూడదు. ఆయన చేసిన పనులన్నిటికీ మూలం ఈ ఒక్కమాటలోనే వుందని నాకనిపిస్తుంది. సొంతంగా బాకీదార్లను ఖైదుచేసే అలవాటునూ అణచి, తగాదాలను న్యాయస్థానాలకు మళ్ళించారు.

రెండోది నాణెం. అప్పట్లో గద్వాల, నారాయణపేట వంటి చోట్ల కూడా టంకసాలలుండేవి. ఒక వూరి రూపాయి ఇంకో వూళ్ళో పూర్తి విలువకు చెల్లదు. మార్చుకోబోతే సాహుకారు వట్టం కోసుకుంటాడు. కష్టపడి పంట అమ్మిన రైతుకు చేతిలోని రూపాయి కూడా పూర్తిగా దక్కేది కాదు. 1857 తరవాత హైదరాబాదు టంకసాలనుంచి హాలీ సిక్కా వచ్చింది. క్రమంగా రాజ్యమంతటా అదే నడిచింది. 1950లదాకా చెలామణీలో వున్న ఆ హాలీకీ, ఇంగ్లీషువాళ్ళ కల్దారుకీ తేడా లెక్కలు కట్టిన పెద్దవాళ్ళు మన ఇళ్ళలో చాలామందే వుండేవారు.

మూడోది 1865 నాటి జిల్లాబందీ. రాజ్యాన్ని జిల్లాలుగా విడగొట్టి, గుత్తదారు స్థానంలో జీతం తీసుకునే తాలూక్‌దారునూ, తహసీల్‌దారునూ పెట్టారు. పంటలో వాటా కొలుచుకుపోయే పద్ధతి తగ్గి, ఇంత భూమికి ఇంత రొక్కం అనే పద్ధతి వచ్చింది. ఇవ్వవలసింది ఎంతో రైతుకు ముందే తెలియటం చిన్న విషయం కాదమ్మా! ఎంత ఇవ్వాలో తెలియని బాకీకి ఎంత ఇచ్చినా తీరదు.

ఫ్రాన్సులోనూ ఇలాగే పన్నుల వసూలు గుత్తకిచ్చేవారు. అక్కడ ప్రజల కడుపుమంట విప్లవమై, 1794లో గుత్తదార్ల తలలు తెగిపడ్డాయి. గొప్ప రసాయన శాస్త్రవేత్త లవోయిజే కూడా వాళ్ళలో ఒకడు కావటంతో ఆయన తలా పోయింది. ఇక్కడ ఆ పని కాగితం, కలంతో జరిగింది. అలాగని దివాన్ గారి ప్రాణానికి భద్రత వుందనుకోకండి. 1859లో ఒకసారి, 1868లో ఇంకోసారి ఆయన మీద హత్యాప్రయత్నాలు జరిగాయి. రెండుసార్లూ బతికి బయటపడ్డారు. 1860లో రాయచూరు దోఆబు, ధారాశివ్ తిరిగొచ్చాయి, 50 లక్షల బాకీ కూడా రద్దయింది. 1857లో దివాన్ గారు ఇంగ్లీషువాళ్ళ పక్షాన నిలబడ్డందుకు దక్కిన ప్రతిఫలమది. ఆ పక్షాన్ని మెచ్చుకోనివాళ్ళు అప్పుడూ వున్నారు, ఇప్పుడూ వున్నారు. బీరారు కోసం ఆయన ఆఖరిదాకా అడుగుతూనే వున్నారు, రాలేదు. 1883లో కలరా సోకి కన్నుమూశారు.

ఇంతవరకూ బాగానే వుంది. మరి సామాన్యుడికి నిజంగా రక్షణ దొరికిందా? సగమే దొరికింది. జాగీర్ల జోలికి, నిజాం సొంత భూములైన సర్ఫెఖాస్ జోలికి ఈ సంస్కరణలు పెద్దగా పోలేదు. శిస్తు వసూలు చేతులు మారినప్పుడు పాత దేశ్‌ముఖులకు పరిహారంగా రుసుములు కట్టబెట్టారు. సర్వేలు జరిగినప్పుడు కాగితం చదవగల దేశ్‌ముఖులు మంచి భూములను తమ పేర రాయించుకున్నారు. రొక్కం కట్టాలన్నప్పుడు ధర పడిపోయిన ఏడు రైతు మళ్ళీ సాహుకారు గడపే తొక్కాడు. గుత్తదారు పోయాడు గాని దొర మిగిలాడు. ఆ భారమంతా పేరుకుపోయి 1946లో తెలంగాణా సాయుధ పోరాటమైంది. జాగీర్లు రద్దయ్యేసరికి 1949 వచ్చింది.

అందుకే ఏ సంస్కరణ గురించి విన్నా మనం రెండు ప్రశ్నలు వేసుకోవాలి. అప్పు చేసిందెవరు, తీర్చేదెవరు? మధ్యలో చెయ్యి చాచేవాడు పోయాడా, పేరు మార్చుకుని అక్కడే వున్నాడా? సాలార్‌జంగ్ మొదటి ప్రశ్నకు ధైర్యంగా జవాబు చెప్పారు. రెండోదానికి జవాబు పల్లెలు చెప్పవలసి వచ్చింది.

కోఠీలోని ఆ రెసిడెన్సీ భవనం ఆడపిల్లల కాలేజీ అయి, ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయమైంది. దానికి పెట్టిన పేరు చాకలి ఐలమ్మది. పాలకుర్తిలో తాను కౌలుకు సాగుచేసిన భూమినీ, పండిన పంటనూ విసునూరు దేశ్‌ముఖు కాజేయబోతే ఎదురునిలిచిన తల్లి ఆమె. ఏ దొరల నీడన పామర్ కంపెనీ వడ్డీలు గుంజిందో, ఆ గుమ్మం మీద ఒక రైతు ఆడపడుచు పేరు నిలిచింది. ఈసారి కోఠీ వైపు వెళ్ళినప్పుడు మీ పిల్లలకు ఆ భవనం చూపించి, ఆ రెండు కథలూ కలిపి చెప్పండి.

సెలవు.