అక్కా పట్టణం - రెండు శుక్రవారాలు

పాలస్తీనా సముద్రతీరాన గల అక్కా పట్టణ చరిత్రలో రెండు శుక్రవారాలు ప్రసిద్ధమైనవి. హిజ్రీ 587 జమాదుల్ ఆఖిర్ 17 (క్రీ.శ. 1191 జూలై 12) నాడు, దాదాపు రెండేళ్ళ ముట్టడి అనంతరం, అది శిలువ యోధుల వశమైంది. హిజ్రీ 690 జమాదుల్ అవ్వల్ 17 (క్రీ.శ. 1291 మే 18) నాడు మమ్లూక్ సుల్తాన్ అష్రఫ్ ఖలీల్ సేనలు దానిని తిరిగి జయించాయి.

1191లో ముస్లిం సైనికులు ప్రాణరక్షణ షరతు మీద లొంగిపోయారు. పరిహారం చెల్లింపులో జాప్యం జరిగిందన్న నెపంతో ఇంగ్లండు రాజు రిచర్డ్ ఆగస్టు 20న సుమారు 2,700 మంది ఖైదీలను చంపించాడు. ఆ గాయం ముస్లింల స్మృతిలో నూరేళ్ళు నిలిచిపోయింది.

రెండవ ముట్టడికి తక్షణ కారణం ఒడంబడిక ఉల్లంఘన. సుల్తాన్ ఖలావూన్‌కూ అక్కా పాలకులకూ మధ్య సంధి అమలులో ఉండగానే, 1290లో ఇటలీ నుండి కొత్తగా వచ్చిన శిలువ సైనికులు పట్టణంలోని ముస్లిం వర్తకులను, రైతులను వధించారు. నేరస్థులను అప్పగించమని సుల్తాన్ కోరాడు, వారు నిరాకరించారు. దండయాత్రకు బయలుదేరిన ఖలావూన్ ఆ నవంబరులో కైరో వెలుపలే మరణించగా, ఆయన కుమారుడు ఖలీల్ ఆ కార్యభారాన్ని స్వీకరించాడు.

రాళ్ళు విసిరే మంజనీఖ్ యంత్రాలు నలుదిక్కుల నుండి వచ్చాయి. ‘మన్సూరీ’ అనే మహాయంత్రాన్ని హిస్నుల్ అక్రాద్ కోట నుండి విడి భాగాలుగా బండ్ల మీద తెచ్చారు. వాటిలో ఒక బండి బాధ్యత, తరువాతి కాలంలో గొప్ప చరిత్రకారుడైన అబుల్ ఫిదాది. అప్పటికాయన పదిహేడేళ్ళ యువకుడు. గుర్రం మీద ఎనిమిది రోజుల ప్రయాణం, వానకూ మంచుకూ ఎద్దులు చనిపోతుండగా, నెల రోజులు పట్టిందని ఆయనే వ్రాశాడు. ఏప్రిల్ తొలివారంలో ముట్టడి మొదలైంది. సొరంగాలు త్రవ్వి బురుజులను కూల్చారు. మే 18న పట్టణం స్వాధీనమైంది.

సముద్రపుటొడ్డున ఉన్న టెంప్లర్ల కోట మాత్రం మరి పది రోజులు నిలిచింది. వారికి అభయమిచ్చిన తరువాత లోనికి వెళ్ళిన సైనికులు స్త్రీలపైనా బాలురపైనా చేయి వేశారు. టెంప్లర్లు వారిని చంపారు. తిరిగి అభయమిచ్చి బయటికి పిలిచిన వారి నాయకుని, అతని అనుచరులను సుల్తాన్ వధింపజేశాడు. మన చరిత్రకారులు ఈ సంగతులను దాచలేదు. అయితే వారిలో కొందరు దీనిని 1191 నాటి రక్తానికి దైవ ప్రతీకారంగా భావించారు. కాని 1291లో హతులైనవారు రిచర్డ్ కాలానికి జన్మించనైనా లేదు.

ఇక్కడ సుల్తాన్ సలాహుద్దీన్ అయ్యూబీ గుర్తుకు వస్తాడు. 1187 అక్టోబరు 2న బైతుల్ మఖ్దిస్‌ను స్వీకరించినప్పుడు ఆయన పురుషునికి పది, స్త్రీకి ఐదు దీనార్ల పరిహారం నిర్ణయించాడు. చెల్లించలేని వేలాదిమంది బానిసలయ్యారన్నది నిజమే. అయినా ఇచ్చిన మాట తప్పలేదు, ఊచకోత జరుగలేదు. 1099లో అదే నగరంలో శిలువ యోధులు ముస్లింల రక్తం పారించారని తెలిసి కూడా ఆయన నిగ్రహించుకున్నాడు.

అక్కా చర్చి ద్వారబంధమొకటి కైరోలో నాసిర్ ముహమ్మద్ మద్రసాకు ముఖద్వారమై నేటికీ ఉంది. దానిని విజయచిహ్నంగా చూడటం సులభం. ఇచ్చిన మాట నిలుపుకోవాలన్న ఖుర్ఆన్ శిక్షణతో ఆ విజయాన్ని తూచి చూడటమే కష్టం. చరిత్ర పఠనానికి ప్రయోజనం ఆ రెండవదానిలోనే ఉంది.