అన్నమయ్య మార్గం

అన్నమయ్య మార్గం రాజంపేట, రైల్వే కోడూరు ప్రాంతాల నుండి శేషాచలం అడవుల గుండా తిరుమలకు చేరే పురాతన కాలిబాట. దీనిని అన్నమయ్య కాలిబాట అని కూడా అంటారు. పదకవితా పితామహుడు తాళ్ళపాక అన్నమాచార్యుడు (1408–1503) ఈ దారిలోనే తిరుమలకు వెళ్ళాడని స్థానికుల విశ్వాసం.

దారి వివరాలు

అన్నమయ్య జన్మస్థలమైన తాళ్ళపాక గ్రామం రాజంపేటకు సమీపంలో ఉన్నది. ఆ వైపు నుండి వచ్చే యాత్రికులు రైల్వే కోడూరు మీదుగా నడచి, కడప - రేణిగుంట రహదారిపై గల కుక్కలదొడ్డి వద్ద అడవిలో ప్రవేశిస్తారు. దారి కొండలెక్కి తిరుమలలోని పార్వేట మండపం వైపు చేరుతుంది. రేణిగుంట, తిరుపతి చుట్టి రాకుండా నేరుగా కొండపైకి చేరగలగడం ఈ దారిలోని సౌలభ్యం. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు కలవు. ఈ దారి మాత్రం చాలావరకు అటవీ బాటగానే ఉన్నది.

చరిత్ర

అన్నమయ్య మనుమడు తాళ్ళపాక చిన్నన్న రచించిన "అన్నమాచార్య చరిత్రము" అనే ద్విపద కావ్యాన్ని 1949లో వేటూరి ప్రభాకరశాస్త్రి విపుల పీఠికతో ప్రకటించాడు. బాలుడైన అన్నమయ్య ఇల్లు విడిచి యాత్రికులతో కలసి తిరుపతి చేరి, అలిపిరి మీదుగా కొండ ఎక్కినట్లు, మోకాళ్ళ మెట్టు వద్ద అలసి సొమ్మసిల్లగా అలమేలుమంగ ఓదార్చినట్లు ఈ కావ్యం చెబుతుంది. కావున కుక్కలదొడ్డి దారికి అన్నమయ్య పేరు జనశ్రుతి వలన వచ్చినదే గాని, ఈ కావ్యం దానికి ఆధారం కాదు.

1871లో మద్రాసు - రాయచూరు రైలు మార్గం పూర్తి కావడంతో కడప వైపు యాత్రికులకు రైలు ప్రయాణం అందుబాటులోకి వచ్చింది. 1944లో మొదటి ఘాట్ రోడ్డు, 1974లో రెండవది ప్రారంభం కావడంతో అడవి దారుల అవసరం తగ్గింది. అయినా రాజంపేట ప్రాంత భక్తులు బృందాలుగా ఈ దారిన పాదయాత్ర చేసే ఆచారం నిలిచి ఉన్నది.

అడవి, వన్యప్రాణులు

శేషాచలం అడవులు ఎర్రచందనానికి ప్రసిద్ధి. ఇక్కడ చిరుత, ఎలుగుబంటి, ఏనుగు, కణుజు, దుప్పి మొదలగు జంతువులు కలవు. 1989లో శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం, 2010లో సుమారు 4,756 చదరపు కిలోమీటర్ల శేషాచలం జీవావరణ పరిరక్షణ కేంద్రం ఏర్పడ్డాయి.

2023 ఆగస్టులో అలిపిరి కాలిబాటలో ఆరేళ్ళ బాలిక చిరుత దాడిలో మరణించింది. 2025 ఫిబ్రవరిలో శివరాత్రికి ముందు ఓబులవారిపల్లె మండలం గుండాలకోన వద్ద అడవి దారిన వెళ్తున్న ముగ్గురు భక్తులు ఏనుగుల దాడిలో మరణించారు. అందరికీ అలవాటైన మెట్ల దారిలోనే ఇటువంటి ప్రమాదం జరిగినందున, జనసంచారం తక్కువగా ఉండే అన్నమయ్య మార్గంలో ఒంటరి ప్రయాణం మరింత అపాయకరం.

అభివృద్ధి ప్రతిపాదన

2021 నవంబరు భారీ వర్షాల తరువాత, డిసెంబరు 1న కొండచరియలు విరిగిపడి రెండవ ఘాట్ రోడ్డు దెబ్బతిన్నది. తిరుమలకు మరొక దారి అవసరమన్న చర్చ దీనితో బలపడింది. అదే నెలలో తిరుమల తిరుపతి దేవస్థానముల పాలక మండలి అన్నమయ్య మార్గాన్ని అభివృద్ధి చేయాలని నిర్ణయించింది. అటవీ భూమిలో రోడ్డు వేయుటకు 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం ప్రకారం కేంద్ర ప్రభుత్వ అనుమతి కావలెను. ఘాట్ రోడ్లు మూతపడినప్పుడు ప్రత్యామ్నాయంగా ఈ మార్గం ఉపయోగపడగలదు. అయితే కాలిబాట వాహనాల రోడ్డుగా మారితే అడవి రెండుగా చీలి, వన్యప్రాణుల రాకపోకలకు ఆటంకం కలుగుతుంది.