గోదావరి వరద - కుట్ర వదంతి

మన్యపు అంచున నున్న భద్రాచలము వద్ద 2022 జూలై 16న గోదావరి 71.3 అడుగులకు చేరినది. మూడవ ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే యిత్తురు. మరునాడు అచ్చటికి వచ్చిన నాటి ముఖ్యమంత్రి శ్రీ చంద్రశేఖరరావుగారు, నిజమెంతయో తెలియదనుచునే, విదేశీయులు కుట్రతో మేఘవిస్ఫోటము కలిగించుచున్నారను మాట వినవచ్చుచున్నదనిరి.

ఇట్టి మాటను మనస్సు ఏల పట్టుకొనును? పెద్ద విపత్తునకు పెద్ద కారణమే యుండవలెనని మనమనుకొందుము. ఇల్లు మునిగినవానికి వాన కంటె పగవాడు సులభముగా అర్థమగును. కోపమునకొక ముఖము దొరకును.

కాని వినికిడిని కొలతతో సరిచూడవలెను. మేఘవిస్ఫోటమనగా గంటలో 10 సెంటీమీటర్లు, అంతకు మించిన వాన; అది 20, 30 చదరపు కిలోమీటర్ల మేర కురియును. గోదావరి పరీవాహక ప్రాంతమో 3 లక్షల చదరపు కిలోమీటర్లకు పైబడినది. ఎగువన దినముల తరబడి కురిసిన వానయే ప్రాణహిత, ఇంద్రావతుల ద్వారా దానిని పొంగించును. ఈ పొంగు క్రొత్త కాదు: 1986 ఆగస్టు 16న ఇచ్చటనే నీరు 75.6 అడుగులకెక్కినది, 1990లో 70.8 అడుగులు.

కుట్రయని నమ్మినచో, కరకట్ట యెత్తెంత, ముంపు గ్రామములకు హెచ్చరిక వేళకందినదా యని అడుగువారుండరు. కావున మాట యెవరిదని గాక, ఎవరు, ఎక్కడ, ఎప్పుడు కొలిచిరని విచారింపుడని మేము శ్రోతలకు మనవి చేయుచున్నాము.