మారిషస్ తెలుగువారు

మడగాస్కర్‌కు తూర్పున సుమారు 800 కిలోమీటర్ల దూరంలో, హిందూ మహాసముద్రం నడుమ ఉన్న కొండల దీవి మారిషస్. రోడ్రిగ్స్ వంటి చిన్న దీవులన్నీ కలుపుకున్నా దేశ వైశాల్యం 2,040 చదరపు కిలోమీటర్లే. రంగారెడ్డి జిల్లాలో సగం కూడా ఉండదు. అగ్నిపర్వతాల వల్ల ఏర్పడిన నేల కావడంతో ఎక్కడ చూసినా నల్లరాయి. నైరుతిన ఉన్న అత్యున్నత శిఖరం ఎత్తు 828 మీటర్లు. రాజధాని పోర్ట్ లూయీ వెనుక కొండల వరుస గోడకట్టినట్టు ఉంటుంది. నడుమ పీఠభూమి మీద వాన బాగా కురుస్తుంది. ఆ వాన, ఆ మట్టి చెరకుకు సరిపోయాయి. చెరకు కోసమే తెలుగువారు ఈ దీవికి వచ్చారు.

పూర్వ చరిత్ర

అరబ్బు, పోర్చుగీసు నావికులకు ఈ దీవి తెలిసినా వారెవరూ ఇక్కడ కాపురం పెట్టలేదు. 1598లో డచ్చివారు దిగి తమ రాకుమారుడు మారిస్ పేరు పెట్టారు. 1638లో వలస స్థాపించి, 1710లో వదిలేసి పోయారు. ఎగరలేని డోడో పక్షి వారి కాలంలోనే అంతరించింది. 1715లో ఫ్రెంచివారు ఆక్రమించుకుని ఐల్ ద ఫ్రాన్స్ అన్నారు. 1735లో గవర్నరుగా వచ్చిన లా బూర్దొనే పోర్ట్ లూయీని రేవుపట్టణంగా తీర్చిదిద్దాడు. 1746లో ఇక్కడి నుంచే నౌకలు తీసుకుపోయి మద్రాసును పట్టుకున్నది ఇతడే. పుదుచ్చేరి ప్రాంతం నుంచి తాపీ పనివారు, వడ్రంగులు ఈ కాలంలోనే ఇక్కడికి వచ్చారు. పొలాల్లో మాత్రం ఆఫ్రికా, మడగాస్కర్‌ల నుంచి తెచ్చిన బానిసలు పనిచేశారు. పారిపోయిన బానిసలు తలదాచుకున్న ల మోర్న్ కొండను యునెస్కో 2008లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

తెలుగు తీరానికీ ఈ దీవికీ మధ్య సంబంధం యానాం మీదుగా మొదలైందనవచ్చు. 1790ల ఆరంభంలో యానాం ఫ్రెంచి అధికారిగా ఉన్న ప్రకృతి శాస్త్రవేత్త సొనెరా అంతకు ముందు ఐల్ ద ఫ్రాన్స్‌లో పనిచేసినవాడు. లవంగం, జాజికాయ మొక్కలను ఆ దీవికి తెప్పించిన పియర్ పువావ్ర్ దగ్గర శిష్యరికం చేసినవాడు. కరువు రోజుల్లో గోదావరి తీరాన మనుషులను కొని ఓడలకెక్కించిన ఉదంతాలు అతని కాలానివే.

బానిసత్వం ముగింపు, కూలీల రాక

1810 డిసెంబరులో బ్రిటిషువారు దీవిని గెలుచుకున్నారు. 1825లో మారిషస్ చక్కెర మీద ఇంగ్లండులో వేసే సుంకాన్ని వెస్టిండీస్ చక్కెరతో సమానం చేశారు. దానితో చెరకు సాగు ఒక్కసారిగా విస్తరించింది. సరిగ్గా అప్పుడే బానిసత్వం రద్దు చట్టం వచ్చి, 1835 ఫిబ్రవరి 1న ఇక్కడ అమలైంది. తోట యజమానులకు బానిసల బదులు మనుషులు కావలసి వచ్చారు. 1834 నవంబరు 2న 'అట్లాస్' అనే ఓడ కలకత్తా నుంచి 36 మంది ఒడంబడిక కూలీలతో పోర్ట్ లూయీ చేరింది. వారు ఛోటానాగపూర్ కొండజాతుల వారు.

ఈ తరహా ప్రయోగంలో తెలుగువారే ముందున్నారన్న సంగతి తక్కువగా ప్రచారంలో ఉంది. 1828లోనే యానాంలో 15 మంది తెలుగువారు 'తుర్క్వాజ్' ఓడెక్కి, మారిషస్‌కు పొరుగునే ఉన్న ఫ్రెంచి దీవి రెయూనియన్‌కు కూలి ఒప్పందం మీద వెళ్లారు.

మారిషస్‌కు తెలుగువారి వలస 1830ల మధ్య నుంచి ఊపందుకుంది. దానికి కారణాలు తీరంలోనే కనబడతాయి. 1832-33 నాటి నందన కరువు గుంటూరు సీమను ఊడ్చేసింది. డొక్కలు తేలిన మనుషుల్ని చూసి జనం దాన్ని డొక్కల కరువన్నారు. 1839 నవంబరులో ఉప్పెన వచ్చి కోరంగి రేవును ముంచేసింది. చేనేతకు మిల్లు బట్ట పోటీ అయింది. జమీందారీల్లో శిస్తు బాకీలు పెరిగాయి. ఓడలు కట్టే పనివారు, పడవ సరంగులు ఉన్న కోరంగికి సముద్ర ప్రయాణం కొత్తేమీ కాదు. గంజాం, విశాఖపట్నం, రాజమండ్రి జిల్లాల పల్లెల నుంచి వచ్చిన వారికి అదే వాకిలి అయింది. మారిషస్‌లో తెలుగువారికి కోరంగివారన్న పేరు అలా స్థిరపడింది. 'కోరంగి ప్యాకెట్' ఓడను అక్కడి తెలుగు కుటుంబాలు ఇప్పటికీ తలుచుకుంటాయి.

కూలీలు పడుతున్న పాట్లు బయటికి పొక్కడంతో ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం వలసను నిలిపివేసింది. 1842లో మళ్లీ అనుమతించి కలకత్తా, మద్రాసు, బొంబాయి రేవులకే పరిమితం చేసింది. తరువాతి తెలుగువారిలో ఎక్కువమంది మద్రాసు డిపో మీదుగానే వచ్చారు. ఊళ్లలో మనుషులను పోగుచేసేది మేస్త్రీ. తోటలో అప్పటికే పనిచేసి తిరిగొచ్చిన సర్దార్లు తమ ఊరివాళ్లను, బంధువులను వెంట తీసుకుపోయేవారు. అందుకే ఒకే తోటలో ఒకే తాలూకా జనం కనిపించేవారు. తెరచాప ఓడలో నెల, నెలన్నర ప్రయాణం. మధ్యలో కలరా తగిలితే ఓడను రేవుకు రానిచ్చేవారు కాదు. 1856లో కలకత్తా నుంచి వచ్చిన రెండు ఓడల వారిని గేబ్రియల్ అనే చిన్న దీవిలో దింపి వదిలేయగా దాదాపు 280 మంది అక్కడే చనిపోయారు.

పోర్ట్ లూయీలో దిగినవారు మొదట డిపో మెట్లు ఎక్కాలి. 1849లో కట్టిన ఈ డిపో ఇప్పుడు ఆప్రవాసీ ఘాట్ అన్న పేరుతో 2006 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. గుమాస్తా ప్రతి మనిషికీ ఒక నంబరు ఇచ్చి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఒంటిమీది పుట్టుమచ్చలు రాసుకునేవాడు. 1860ల నుంచి ఫోటో కూడా తీశారు. ఆ రిజిస్టర్లు నేడు మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉన్నాయి. పూర్వీకుల ఊరు వెతుక్కునే వారికి అంతకు మించిన ఆధారం లేదు. అయితే వాటిలో ఇంటిపేరుకు చోటు లేకపోయింది. దిగిన మనిషి పేరే తరువాతి తరాలకు ఇంటిపేరైంది. అప్పాదు, అప్పన్న, రామయ్య, వీరాసామి అన్నవి ఇవాళ అక్కడ కుటుంబ నామాలు.

తొలి ఒడంబడికలు అయిదేళ్లవి. మగ కూలీకి నెలకు అయిదు రూపాయలు జీతం, బియ్యం, పప్పు, ఉప్పు, నూనె, ఏడాదికి కాసిని బట్టలు ఇచ్చేవారు. ఒకరోజు పని మానితే రెండు రోజుల కూలి కోసేవారు. ఈ రెండింతల కోత వల్ల జబ్బుపడి లేచినవాడు అప్పులో తేలేవాడు. చెరకు నాటే ముందు భూమిలోని రాళ్లన్నీ ఏరి కుప్ప వేయడం కూలీల మొదటి పని. మనిషి కంటే ఎన్నో రెట్లు ఎత్తయిన ఆ నల్లరాతి గుట్టలు చెరకు తోటల మధ్య ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. ఏ శిలాశాసనానికీ తీసిపోని సాక్ష్యాలవి.

1850ల మొదట్లో ఉచిత తిరుగు ప్రయాణం రద్దయింది. ఛార్జీలు పెట్టుకోలేనివారు దీవిలోనే ఉండిపోయారు. ఆడవారి రాకా అప్పటి నుంచే పెరిగి, తోట కాంపుల్లో కుటుంబాలు ఏర్పడ్డాయి. 1861 నాటికి దీవి జనాభాలో మూడింట రెండు వంతులకు కొంచెం తక్కువగా భారతీయులే ఉన్నారు. వారిలో తెలుగువారు చిన్న భాగం. బీహారు, తూర్పు ఉత్తరప్రదేశ్ వారు పెద్ద భాగం. 1867లో మలేరియా వేలాది ప్రాణాలు తీసింది. అదే ఏడాది వచ్చిన చట్టం ప్రకారం ఒడంబడిక ముగిసినవారు కూడా ఫోటో ఉన్న పాసు జేబులో లేకుండా తిరగరాదు. దొరికితే జుల్మానా, లేదా జైలు. దీనిమీద అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే తోట మేనేజరు 1871లో 9,401 మంది పాత కూలీల పేరిట అర్జీ పెట్టాడు. ఒక తెల్ల యజమాని అతణ్ని వీధిలో కొట్టాడు. అయినా అర్జీ ఫలితంగా రాయల్ కమిషన్ వచ్చి, 1875లో కూలీల పక్షాన ఘాటైన నివేదిక ఇచ్చింది.

తెలుగువారి రాక ఈ దశాబ్దాల్లోనే తగ్గుముఖం పట్టింది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి గోదావరి డెల్టాలో పని దొరికింది. కరువు వెంటాడిన ఉత్తర కోస్తా జనానికి బర్మా దగ్గరైంది. రంగూన్ స్టీమరు కొద్ది రోజుల్లోనే అక్కడికి చేర్చేది. ఇటు ఐరోపాలో బీటు దుంప చక్కెర పోటీకి రావడంతో మారిషస్ చెరకు గిరాకీ తగ్గింది. పెద్ద యజమానులు 1880ల నుంచి భూములను ముక్కలుగా అమ్మారు. కూడబెట్టుకున్న కూలీలు వాటిని కొని చిన్న రైతులయ్యారు.

ఇరవయ్యో శతాబ్దం

1901లో గాంధీ, దక్షిణాఫ్రికా నుంచి స్వదేశం వెళ్తూ, ఇక్కడ మూడు వారాలు ఆగాడు. ఒడంబడిక వలస 1910 నాటికి దాదాపు ఆగిపోయింది. 1948 ఎన్నికల్లో, భారతీయ భాషలతో సహా దీవిలో వాడుకలో ఉన్న ఏదైనా భాషలో చదువు, రాత వచ్చినవారికి ఓటు దక్కింది. అందుకోసం పల్లెల్లో రాత్రి బడులు నడిపి అక్షరాలు దిద్దించారు. 1968 మార్చి 12న స్వాతంత్ర్యం, 1992లో అదే తేదీన గణతంత్రం వచ్చాయి.

భాష, ఆచారాలు

మారిషస్ ఆంధ్ర మహాసభ 1940లలో ఏర్పడి బడి తెలుగుకు, పండుగలకు అండగా నిలిచింది. సర్కారు బడుల్లో తెలుగు ఐచ్ఛిక భాషగా ఉంది. మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో తెలుగు శాఖ ఉంది. ఉగాది అక్కడ దేశమంతటికీ సెలవు. మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో మారిషస్‌లోనే జరిగాయి.

ఇంట్లో మాట్లాడే భాష మాత్రం క్రియోల్. 2011 జనగణనలో దేశ జనాభాలో నూటికి 84 మంది ఇంటి భాష అదేనన్నారు. తెలుగు మిగిలింది పూజలో, పాటలో. సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండుగ, గోవిందల పండుగ ఉత్తర కోస్తా ఆచారాలను స్పష్టంగా గుర్తుకు తెస్తాయి. అన్నింటిలోకీ మెచ్చదగినది రామభజనం. నడుమ దీపపు సెమ్మె పెట్టి, తాళాలు వాయిస్తూ, చుట్టూ తిరుగుతూ రాత్రి పొద్దుపోయేదాకా పాడతారు. చేతిలో ఉండే పుస్తకాల్లో చాలావాటిలో తెలుగు పాట రోమన్ లిపిలో రాసి ఉంటుంది. అర్థం తెలియని గొంతులు కూడా యతిస్థానం తప్పవు. రాత బడి ద్వారా వచ్చినా, భాషను ఇంతకాలం మోసుకొచ్చింది పాటే అనాలి.

సాహిత్యంలో ఈ వలసను చిత్రించినవారిలో నతాషా అప్పన్న పేరు ముందు చెప్పాలి. తెలుగు మూలాలున్న ఈ ఫ్రెంచి నవలా రచయిత్రి 1973లో జన్మించింది. ఒడంబడిక కూలీల మీద 2003లో నవల రాసింది. 1872లో వచ్చిన తన పూర్వీకుల కథను 2023లో పుస్తకంగా తెచ్చింది.

ఆర్థిక వ్యవస్థ

1960లో కెరోల్ తుపాను దీవిని చితకగొట్టింది. మరుసటి ఏడాది ఆర్థికవేత్త జేమ్స్ మీడ్, జనం ఎక్కువై చక్కెర ఒక్కటే ఉన్న ఈ దేశానికి మంచి రోజులు కనబడటం లేదని నివేదించాడు. ఆ అంచనా తప్పింది. 1970లో ఎగుమతి మండలాల చట్టం చేసి బట్టల మిల్లులను రప్పించారు. 1975 నుంచి ఐరోపా దేశాలు ప్రపంచ ధర కంటే ఎక్కువ ధరకు చక్కెర కొన్నాయి. వచ్చిన డబ్బు హోటళ్లలోకి, మిల్లుల్లోకి వెళ్లింది. భారత్‌తో 1982లో కుదిరిన ద్వంద్వ పన్ను ఒప్పందం వల్ల మన దేశానికి వచ్చే విదేశీ పెట్టుబడుల్లో పెద్ద వాటా ఈ చిన్న దీవి చిరునామాతో వచ్చేది. 2016లో ఆ ఒప్పందాన్ని సవరించారు. ఐరోపా చక్కెర ఒప్పందం 2009లో ముగిశాక, ఒకప్పుడు వందల్లో ఉన్న చక్కెర మిల్లులు వేళ్లమీద లెక్కపెట్టేటన్ని మిగిలాయి. కూలీల వారసులు ఇప్పుడు ఎక్కువగా ఉద్యోగాల్లో, వ్యాపారాల్లో ఉన్నారు.

ఇతర దీవులు

1871 నుంచి 1874 వరకు మారిషస్ గవర్నరుగా ఉన్న ఆర్థర్ గోర్డన్ తరువాత ఫిజీకి వెళ్లి, కూలీ వలస పద్ధతిని అక్కడ ప్రవేశపెట్టాడు. 1879లో ఫిజీకి తొలి ఓడ కలకత్తా నుంచి వచ్చింది. మద్రాసు నుంచి 1903లో మొదలైన ఓడల్లో తెలుగువారు చేరారు. ఫిజీ తెలుగువారు 1941లో దక్షిణ ఇండియా ఆంధ్ర సంఘం స్థాపించుకున్నారు.